క్యూబ్‌శాట్‌కు రేడియేషన్ లెక్క: ఏ మోడల్ నమ్మాలి, గోడ ఎంత మందం ఉండాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకూ అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. వరంగల్‌లో ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలు మీరు ఆరుగురు కలిసి మూడు యూనిట్ల క్యూబ్‌శాట్, అంటే చిన్న డబ్బా లాంటి ఉపగ్రహం చేస్తున్నారు. ఎత్తు 550 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గరగా వెళ్ళే సన్ సింక్రనస్ కక్ష్య, రెండేళ్ళ ఆయుష్షు. భూమి అయస్కాంత క్షేత్రానికి చిక్కి చుట్టూ తిరిగే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల రేడియేషన్ బెల్టులకు రెండు తరాల మోడళ్ళున్నాయి. ఏపీ-8, ఏఈ-8 మోడళ్ళతో ఒకసారి, ఏపీ-9, ఏఈ-9 మోడళ్ళతో ఇంకోసారి రేడియేషన్ లెక్క కడితే రెండింటికీ పొంతన లేదు, కొన్నిచోట్ల రెట్ల తేడా వస్తోంది. ఏది నమ్మాలి? అల్యూమినియం డబ్బా గోడ ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలా, మూడు చేయాలా? రివ్యూలో ఒక సారు ఉపగ్రహం చుట్టూ ఉండే ప్లాస్మా (ఆవేశమున్న కణాల వాయువు) సిమ్యులేషన్ కూడా చూపించమన్నారు, అది నిజంగా అవసరమా?

నేను ఇరవై రెండేళ్ళు ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్‌లో పనిచేశాను. అందులో సగం కాలం ఈ లెక్కలతోనే గడిచింది. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. ఒక్క ముక్కలో "ఇది వాడు" అని చెప్పేయొచ్చు గానీ, రేపు రివ్యూలో "ఎందుకు" అని అడిగితే నిలబడాల్సింది నువ్వు. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు అసలు విషయం. ఆ రెండు మోడళ్ళలో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని చూడొద్దు. అవి రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. ఊరి చెరువుకు కట్ట ఎంత ఎత్తు పోయాలని అడిగావనుకో. ఒకాయన పాత రిజిస్టరు తిరగేసి "సగటున నీళ్ళు ఇంత ఎత్తులో ఉంటున్నాయి" అంటాడు. ఇంకొకాయన "వందేళ్ళలో తొంభై అయిదేళ్ళు నీళ్ళు ఈ గీత దాటవు, మిగతా అయిదేళ్ళు దాటొచ్చు" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. కానీ కట్ట పోసేవాడికి పనికొచ్చేది రెండోమాట. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకు మోరంచపల్లి ఎట్లా మునిగిందో మనందరం చూశాం. ఆ రోజు సగటు వర్షపాతం ఎవరికీ అక్కరకు రాలేదు.

ఏపీ-8, ఏఈ-8 ఆ మొదటి పెద్దమనిషి. పేర్లలో పీ అంటే ప్రోటాన్, ఈ అంటే ఎలక్ట్రాన్. 1960, 70 దశకాల్లో ఎగిరిన ఉపగ్రహాల కొలతలను కలిపి నాసా వాళ్ళు తయారుచేసిన సగటు పటాలవి. ప్రోటాన్ల పటం 1976లో వచ్చింది, ఎలక్ట్రాన్లది పూర్తి రూపంలో 1991లో. ఒక్కోదానికి రెండు కాపీలుంటాయి: సూర్యుడు శాంతంగా ఉన్న కాలానికి ఒకటి, ఉధృతంగా ఉన్న కాలానికి ఒకటి. ఇక్కడే చాలామంది కాలు జారుతారు. సూర్యుడు ఉధృతంగా ఉంటే అన్నీ పెరుగుతాయని అనుకుంటారు. ఎలక్ట్రాన్ల విషయంలో అది సరే. తక్కువ ఎత్తులో ప్రోటాన్లకు మాత్రం తారుమారు. సూర్యుడి వేడికి భూమి పై వాతావరణం ఉబ్బుతుంది, ఆ గాలి తగిలి ప్రోటాన్లు రాలిపోతాయి. కాబట్టి గట్టి లెక్క కావాలంటే ప్రోటాన్లకు మినిమం కాపీ, ఎలక్ట్రాన్లకు మాక్సిమం కాపీ తీసుకోవాలి. నీ స్క్రీన్‌షాట్‌లో రెండిటికీ మాక్సిమం పెట్టావు. తేడాలో కొంత అక్కడే వచ్చింది.

ఇంకో గోతి ఉంది, అది బయటికి కనిపించదు. ఆ పాత మోడళ్ళను ఆ కాలపు అయస్కాంత క్షేత్రంతోనే నడపాలి. "ఇప్పటి క్షేత్రం ఉండగా యాభై ఏళ్ళ నాటిది ఎందుకు" అని కొత్తది పెడితే లెక్క చెడిపోతుంది. పటం గీసింది పాత క్షేత్రం గీతల మీద. ఈ యాభై ఏళ్ళలో భూమి అయస్కాంత శక్తి కొంత తగ్గింది. కొత్త క్షేత్రం పెడితే అవే గీతలు మరింత కిందికి దిగినట్టు లెక్క పడి, లేని ప్రోటాన్లు ఉన్నట్టు చూపిస్తాయి. స్పెన్విస్ లాంటి వెబ్ టూల్‌లో పాత క్షేత్రం డిఫాల్ట్‌గానే ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. సొంతంగా కోడ్ రాసుకునేవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి.

ఏపీ-9, ఏఈ-9 రెండో పెద్దమనిషి. 2012లో బయటికొచ్చింది. తర్వాతి వెర్షన్లలో వాన్ అలెన్ ప్రోబ్స్ జంట ఉపగ్రహాల కొలతలు కూడా చేరాయి. ఇది ఒక్క అంకె ఇచ్చి ఊరుకోదు. "ఇంతకు మించదని యాభై శాతం నమ్మకం, ఇంతకు మించదని తొంభై అయిదు శాతం నమ్మకం" అని విడదీసి చెబుతుంది. అందులో రెండు రకాల పరుగులుంటాయి. పెర్టర్బ్‌డ్ మీన్ అనేది కొలతల్లోని అనిశ్చితిని మాత్రమే కలుపుకుంటుంది. మాంటే కార్లో పరుగు దానికి తోడు తుపానులను, రోజువారీ ఎగుడుదిగుళ్ళను కూడా కలుపుతుంది. రెండేళ్ళలో చిప్పుల్లో కొద్దికొద్దిగా పోగయ్యే రేడియేషన్ మోతాదు, అంటే డోసు తెలియాలంటే మొదటిది చాలు. "ఒక్క రోజులో అతి దారుణంగా ఎంత కొట్టొచ్చు" అన్న ప్రశ్నకు రెండోది కావాలి. నువ్వు ఏఈ-8 సగటును తీసుకెళ్ళి ఏఈ-9లో తొంభై అయిదు శాతం మాంటే కార్లో జవాబు పక్కన పెట్టావు. సగటు మట్టాన్ని వరద మట్టంతో పోల్చినట్టయింది.

ఈ బెల్టులు రెండు, లోపలిది, బయటిది. వాటి స్వభావం తెలిస్తే అంకెలు చూడగానే అనుమానం రావాల్సిన చోట వస్తుంది. లోపలి బెల్టు పాత మెట్ల బావి లాంటిది. మట్టం అంత తొందరగా మారదు. దూరం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని కొడితే న్యూట్రాన్లు పైకి చిమ్ముతాయి, వాటిలో కొన్ని దారిలోనే విరిగి ప్రోటాన్లవుతాయి, అవి అయస్కాంత గీతలకు చిక్కి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఊట సన్నగా వస్తుంది, నీళ్ళు పోయే దారీ తక్కువే. బయటి బెల్టు మాత్రం వానాకాలం చెరువు. సూర్యుడి నుంచి గాలివాన వస్తే ఒకటి రెండు రోజుల్లో ఎలక్ట్రాన్లు వందల రెట్లు పెరగొచ్చు, అదే తుపాను మొదటి గంటల్లో దాదాపు ఖాళీ కూడా కావచ్చు. అక్కడ ఎలక్ట్రాన్లకు వేగం పోసేవి కోరస్ అనే తరంగాలు. రేడియోలో వింటే తెల్లవారుజామున పిట్టలు కూసినట్టు వినిపిస్తాయి, అందుకే ఆ పేరు. 2012 సెప్టెంబర్‌లో రెండు బెల్టుల మధ్య మూడోది పుట్టి దాదాపు నాలుగు వారాలు నిలిచింది. వాన్ అలెన్ ప్రోబ్స్ ఎగిరి అప్పటికి కొద్దిరోజులే అయింది. అలాంటిది ఏ సగటు పటంలోనూ కనబడదు.

కొలతల్లోనూ మరకలుంటాయి. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తులో స్టార్‌ఫిష్ ప్రైమ్ అనే అణుబాంబు పేల్చింది. దాని ఎలక్ట్రాన్లు లోపలి బెల్టులో ఏళ్ళ తరబడి మిగిలాయి. మర్నాడే ఎగిరిన టెల్‌స్టార్ ఉపగ్రహం వాటి దెబ్బకు కొన్ని నెలల్లో మూగబోయింది. ఆ దశాబ్దపు కొలతల్లో ప్రకృతిది ఏదో, బాంబుది ఏదో విడదీయడం మోడల్ చేసేవాళ్ళకు పెద్ద పని అయింది. పైగా లోపలి బెల్టులో బలమైన ప్రోటాన్లు ఎలక్ట్రాన్ కొలిచే పరికరంలోకి దూరి దొంగ లెక్క చూపిస్తాయి. వాన్ అలెన్ ప్రోబ్స్ జాగ్రత్తగా వేరుచేసి చూస్తే, ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ (కణం శక్తికి కొలత) దాటిన ఎలక్ట్రాన్లు లోపలి బెల్టులో దాదాపు లేవని తేలింది. పాత ఏఈ-8 అక్కడ చూపించే పెద్ద అంకెలు చూసి బెదరకు.

ఇప్పుడు మీ కక్ష్యకు వద్దాం. 550 కిలోమీటర్లలో మీరు అసలు బెల్టుల కిందే తిరుగుతారు. అయినా రెండుచోట్ల వాటి అంచు తగులుతుంది. బయటి బెల్టు గీతలు ధ్రువాల వైపు వంగి, అరవై డెబ్బై డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతాయి. అక్కడ ప్రతి చుట్టులోనూ ఎలక్ట్రాన్లు తగులుతాయి. రెండోది దక్షిణ అట్లాంటిక్ ప్రాంతం. భూమి అయస్కాంతం సరిగ్గా నడిమధ్యలో లేదు, సుమారు 500 కిలోమీటర్లు పక్కకు జరిగి ఉంది, కొంచెం వాలి కూడా ఉంది. అందుకని బ్రెజిల్, అట్లాంటిక్ మీద లోపలి బెల్టు బాగా కిందికి వేలాడుతుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివినప్పుడు తలకెక్కలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చిన్న పేలోడ్ ఒకటి కక్ష్యలో ఉన్నట్టుండి రీసెట్ అయ్యేది. కొన్నిరోజులు బాగానే ఉండేది, ఒక్కోరోజు రెండుసార్లు పడిపోయేది. మూడు వారాలు సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాం. రాసిన కుర్రాడికి నిద్రలేదు, మాకందరికీ టెన్షన్. దసరా సెలవులకు ఇంటికొస్తూ లాగ్ ప్రింట్ వెంట తెచ్చుకున్నాను. హనుమకొండ చౌరస్తాలో పిల్లలు గోడకు అంటించుకునే ప్రపంచ పటం ఒకటి కొన్నాను. ప్రతి రీసెట్ టైముకు ఉపగ్రహం ఎక్కడుందో లెక్కగట్టి అక్కడ అమ్మ బొట్టు బిల్ల ఒకటి అంటించాను, రీసెట్‌కు ఎర్రది, మెమరీ తప్పుకు నల్లది. బయట బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి, నేను నేలమీద పటం పరుచుకుని కూర్చున్నాను. ముప్ఫై బిల్లలు దాటేసరికి ఇంక లెక్కపెట్టనవసరం లేకపోయింది. నాలుగైదు తప్ప అన్నీ బ్రెజిల్ తీరం దగ్గర గుంపుగా కూడాయి. మిగిలినవి ధ్రువాల దగ్గర. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. ఒక మెమరీ చిప్పు ప్రోటాన్ దెబ్బకు బిట్లు తిప్పేస్తోంది. మర్నాడు పొద్దున ఆ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను.

అందుకే చెబుతున్నాను, మీ ఉపగ్రహానికి పెద్ద గండం మొత్తం డోసు కాదు, ఒక్కొక్క కణం కొట్టే దెబ్బ. రెండేళ్ళకు ఆ ఎత్తులో రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం వెనక డోసు మామూలుగా కొన్ని కిలోర్యాడ్‌లకే (ర్యాడ్ అంటే డోసు కొలత) పరిమితం. మార్కెట్లో దొరికే కమర్షియల్ చిప్పులు కొన్ని కిలోర్యాడ్‌ల నుంచి కొన్ని పదుల కిలోర్యాడ్‌ల దాకా తట్టుకుంటాయి. అయితే అది బ్యాచ్‌ను బట్టి మారుతుంది, పోయినసారి బాగున్న చిప్పు ఈసారి బాగుంటుందని నమ్మలేం. ఎగరబోయే బ్యాచ్‌లోంచే రెండు మూడు తీసి కోబాల్ట్-60 గామా ఛాంబర్‌లో పెట్టి చూడండి. లెక్కలో వచ్చిన డోసుకు రెండింతలు తట్టుకోవాలి.

గోడ మందం సంగతి. ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ఎలక్ట్రాన్ అల్యూమినియంలో సుమారు రెండు మిల్లీమీటర్లు దూరుతుంది. పది మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్ 0.6 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. కానీ వంద మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్‌ను ఆపాలంటే దాదాపు 37 మిల్లీమీటర్లు కావాలి. అంటే మందం పెంచుతూ పోతే ఎలక్ట్రాన్ల డోసు మొదట్లో బాగా పడిపోతుంది, తర్వాత గ్రాఫ్ చదునైపోతుంది. ఎలక్ట్రాన్లు ఆగేటప్పుడు పుట్టే ఎక్స్‌రేలు, బలమైన ప్రోటాన్లు మిగులుతాయి, వాటిని మీ గోడ ఏమీ చేయలేదు. ఒకటిన్నర నుంచి రెండుకు పెంచితే ప్రయోజనం ఉంది. మూడు చేస్తే బరువు పెరుగుతుంది, మెమరీ తప్పులు మాత్రం దాదాపు అంతే ఉంటాయి. నా మాట వింటే గోడ రెండు దగ్గర ఆపి, కంప్యూటర్ బోర్డును బోర్డుల దొంతరలో మధ్యకు జరపండి. మీ బొమ్మలో అది పక్క గోడకు ఆనుకుని ఉంది. బ్యాటరీ ప్యాక్ దానికి ఒకవైపు అడ్డం వస్తే ఇంకా మంచిది, ఎటూ మోయాల్సిన బరువే కదా.

డోసు లెక్కలో ఆకారం ఎంచుకునే చోట జాగ్రత్త. గోడ వెనక డోసు లెక్కగట్టే షీల్డోస్-2 ప్రోగ్రాంలో పలకలా, గోళంలా అని వేర్వేరు ఆకారాలుంటాయి. గోళం నడిబొడ్డున అన్ని దిక్కుల నుంచీ కణాలు ఒకే మందం దాటి వస్తాయి. పలక వెనక అలా కాదు, ఏటవాలుగా వచ్చేవాటికి మందం ఎక్కువ తగులుతుంది, వెనకవైపు నుంచి ఏమీ రాదు. అదే మందానికి రెండు జవాబులకూ రెండు రెట్లకు పైగా తేడా రావొచ్చు. ఒక ప్రాజెక్టులో మేమూ, పొరుగు టీం వాళ్ళూ రెండు వారాలు మెయిళ్ళ మీద వాదించుకున్నాం. చివరికి చూస్తే మేము గోళం పెట్టాం, వాళ్ళు పలక పెట్టారు. మీరు గోళమే పెట్టండి.

కణం దెబ్బలకు మందు గోడలో లేదు, సర్క్యూట్‌లోనూ కోడ్‌లోనూ ఉంది. ముఖ్యంగా లాచప్. ఒక్క కణం తగిలి చిప్పు లోపల దొంగదారి తెరుచుకుంటుంది, కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, పవర్ తీసేస్తే తప్ప ఆగదు. ఆలస్యమైతే చిప్పు కాలిపోతుంది. ప్రతి ముఖ్యమైన పవర్ లైనుకూ కరెంటు హద్దు దాటగానే తనంతట తానే ఆపి, కాసేపాగి మళ్ళీ ఇచ్చే స్విచ్ పెట్టండి. బయట విడిగా వాచ్‌డాగ్ టైమర్ (కంప్యూటర్ మొరాయిస్తే రీసెట్ చేసేది) ఉండాలి, తప్పులు దిద్దుకునే మెమరీ ఉండాలి, బూట్ కోడ్ మూడు కాపీలు ఉండాలి. కాస్మిక్ కిరణాల లెక్కకు క్రీమ్-96, సూర్యుడి ప్రోటాన్లకు ఈఎస్‌పీ మోడల్ వాడొచ్చు. బెల్టుల మోడల్‌లో ఇవి కలిసి ఉండవు, విడిగా కట్టి కలపాలి. సోలార్ పలకల సంగతి మీ ఎత్తుకు, రెండేళ్ళకు పెద్ద బెంగ కాదు. మామూలు కవర్ గ్లాస్ ఉంటే చాలు.

ఇక ప్లాస్మా. మీ సారు అడిగింది తప్పేమీ కాదు, ఆయన అనుభవం బహుశా భూస్థిర కక్ష్యలోది అయ్యుంటుంది. అక్కడ ప్లాస్మా పలుచన, మహా వేడి. గ్రహణం నీడలో ఉన్నప్పుడు ఉపగ్రహం ఒళ్ళు వేల వోల్టుల రుణావేశానికి ఎక్కుతుంది. ఒక చోటుకూ ఇంకో చోటుకూ తేడా పెరిగితే మెరుపు కొడుతుంది. ఇంకా బలమైన ఎలక్ట్రాన్లు గోడ దాటి లోపలి ప్లాస్టిక్‌లో, కేబుల్ ఇన్సులేషన్‌లో దాక్కుంటాయి. ఎలక్ట్రాన్ కిరణం తాగించిన యాక్రిలిక్ దిమ్మను ఒక ల్యాబ్‌లో నా కళ్ళముందే మేకుతో తట్టారు. టప్‌మని చప్పుడు, దిమ్మ నిండా ఆకురాలిన తుమ్మచెట్టు కొమ్మల్లాంటి గీతలు. 1994 జనవరిలో కెనడా అనిక్ ఉపగ్రహాలు రెండు ఒకే రోజు అదుపు తప్పింది ఇలాంటి దెబ్బకే. ఒకటి గంటల్లో దారికొచ్చింది, రెండోదాన్ని తిరిగి పనిలో పెట్టడానికి నెలలు పట్టింది. అలాంటి ఉపగ్రహానికి నాస్‌క్యాప్, స్పిస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పూర్తి సిమ్యులేషన్ చేయాల్సిందే.

మీ ఎత్తులో ప్లాస్మా చల్లన, చిక్కన. దాన్ని కొలిచే మంచి కొలబద్ద డిబై దూరం, అంటే ఒక ఆవేశాన్ని చుట్టూ ఉన్న ప్లాస్మా ఎంత దూరంలో కప్పేస్తుందో ఆ దూరం. భూస్థిర కక్ష్యలో అది వందల మీటర్లు. మీ దగ్గర ఘన సెంటీమీటరుకు లక్ష ఎలక్ట్రాన్లు, ఉష్ణోగ్రత 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుంటే సుమారు ఏడు మిల్లీమీటర్లు. మీ సోలార్ పలకల వోల్టేజీ ఇరవై లోపే. కాబట్టి ఉపగ్రహం మహా అయితే చుట్టూ ఉన్న ప్లాస్మా కంటే అంత వోల్టేజీ మేరకు రుణావేశం వైపు దిగుతుంది, దాంతో ఆర్క్ (మెరుపు) రాదు. అంతరిక్ష కేంద్రం పలకలు 160 వోల్టులవి కాబట్టి వాళ్ళు ప్లాస్మా కాంటాక్టర్ అనే పరికరం పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ లెక్క ఒక్క పేజీలో రాసి సారుకు చూపించు.

ఒక్క మినహాయింపు ధ్రువకాంతి ప్రాంతం. చీకట్లో, చుట్టూ ప్లాస్మా పలుచబడిన సమయంలో, వేగమైన ఎలక్ట్రాన్ల జల్లు పడితే ఇలాంటి కక్ష్యల్లోనూ వందల వోల్టులు ఎక్కిన దాఖలాలున్నాయి. 2003 అక్టోబర్‌లో సుమారు 800 కిలోమీటర్ల ఎత్తు ధ్రువ కక్ష్యలో జపాన్ మిడోరి-2 పవర్ పోయి మూగబోయింది. సోలార్ పలక నుంచి వచ్చే తీగల కట్టలో ఆర్క్ కొట్టి కాలిపోయి ఉంటుందని, ఎర్త్ లేని థర్మల్ బ్లాంకెట్ మీద పోగైన ఆవేశం దానికి కారణం కావొచ్చని దర్యాప్తులో అనుమానించారు. దీనికి సిమ్యులేషన్ అక్కర్లేదు, మల్టీమీటర్ చాలు. బ్లాంకెట్‌లోని ప్రతి లోహపు పొర, యాంటెన్నా అడుగు, ప్రతి బ్రాకెట్, కనెక్టర్‌లో వాడని పిన్ను, రెండు కొసలూ వదిలేసిన తీగ, అన్నీ బాడీకి ఎర్త్ అయ్యాయో లేదో ఒక్కొక్కటిగా పట్టి చూడండి. మీ ఫొటోలో హార్నెస్ (తీగల కట్ట) పక్కన చుట్టి టేపు వేసిన రెండు తెల్ల తీగలు కనిపిస్తున్నాయి. అవి అక్కర్లేకపోతే తీసేయండి, అక్కరుంటే ఒక కొసను ఎర్త్ చేయండి.

కాబట్టి ఈ వారం చేయాల్సిన పని. ఏపీ-9, ఏఈ-9ను పెర్టర్బ్‌డ్ మీన్‌లో యాభైకి, తొంభై అయిదుకు నడుపు. పక్కన సరిచూసుకోవడానికి ఏపీ-8 మినిమం, ఏఈ-8 మాక్సిమం పెట్టుకో. సూర్యుడి ప్రోటాన్లు విడిగా కలుపు. డిజైన్‌కు తొంభై అయిదు శాతం అంకె తీసుకో, ఎందుకు తీసుకున్నావో రిపోర్టులో రాయి. గోళం ఆకారంతో మందానికి ఎంత డోసో గ్రాఫ్ గీసి ఇక్కడ పెట్టు. చిప్పుల పేర్లు, బ్యాచ్ నంబర్లు కూడా ఇవ్వు. లాచప్ స్విచ్ సర్క్యూట్ బొమ్మ మర్చిపోకు. కరెంటు హద్దు ఎంత పెట్టారో ముందుగా అదే చూస్తాను.